పాత హోటలు భవనం చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? గోదావరి డెల్టా పట్టణాల వారికి కొన్ని సూచనలు

నరసాపురం, పాలకొల్లు, అమలాపురం, రామచంద్రపురం, మండపేట వంటి డెల్టా పట్టణాలలో కాలువ రేవుకో, రైలుస్టేషనుకో, పాత బస్టాండుకో దగ్గరలో కింద భోజన హోటలు, పైన బస గదులు ఉన్న పాత మేడ ఒకటైనా కనిపిస్తుంది. అది ఎప్పటిదని అడిగితే నూరేళ్ల నాటిదని ఊరంతా చెబుతుంది కాని, ఆ నూరేళ్లూ ఏ సంవత్సరం నుంచి లెక్కపెట్టారో ఎవరూ చెప్పలేరు. అటువంటి భవనాన్ని పడగొట్టి కాంప్లెక్సు కట్టకముందే దాని చరిత్రను ఆధారాలతో రాసి పెట్టాలనుకునేవారికి, ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో, దొరికిన దానిని ఎంతవరకు నమ్మవచ్చో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంది. స్థలానికి ఒక చరిత్ర, కట్టడానికి ఒక చరిత్ర, అందులో నడిచిన హోటలుకు మరొక చరిత్ర ఉంటాయి. ఈ మూడింటినీ కలిపి ఒకే సంవత్సరం చెప్పబోతే మొత్తం లెక్క తప్పుతుంది. ధాన్యం వర్తకుడు తన కాపురానికి కట్టుకున్న మేడను వారసులు అద్దెకు ఇచ్చి ఉండవచ్చు. యాత్రికుల కోసం కట్టిన సత్రం తరువాత లాడ్జిగా మారి ఉండవచ్చు. బోర్డు మీద కనిపించే స్థాపిత సంవత్సరం ఆ హోటలు వేరే వీధిలో మొదలైన నాటిది కావచ్చు. కాబట్టి నోటుపుస్తకంలో ఈ మూడింటికీ వేర్వేరు పేజీలు కేటాయించి, దొరికిన ప్రతి ఆధారాన్నీ అది దేనికి చెందుతుందో చూసి ఆ పేజీలోనే రాయడం మంచిది.

హోటలు అనే వ్యాపారం ఈ ప్రాంతంలో ఎంత వెనక్కు వెళ్లగలదో కూడా ముందే ఆలోచించుకోవాలి. బాటసారికి అన్నం పెట్టడం పుణ్యకార్యమనీ, అన్నం అమ్మడం తగదనీ భావించిన కాలం ఇక్కడ చాలాకాలం నడిచింది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) గోదావరి దాటి వచ్చినవారికి వేళ కాని వేళలోనూ వండి వడ్డించి అపర అన్నపూర్ణ అనిపించుకున్నది ఆ కాలంలోనే. డబ్బు తీసుకుని భోజనం పెట్టినవి పూటకూళ్ల ఇళ్లు. బస ఇచ్చినవి సత్రాలు. ప్రభుత్వోద్యోగులు దిగినవి ట్రావెలర్స్ బంగళాలు. అందుచేత పందొమ్మిదో శతాబ్దం మధ్యలోనే ఇక్కడ హోటలు ఉండేదని ఎవరైనా చెప్పినప్పుడు కొట్టిపారేయకుండా, అది సత్రమా, పూటకూళ్ల ఇల్లా అని మళ్లీ అడగాలి.

దారి ఏదో ముందు చూడండి

హోటలు ఎక్కడ వెలిసిందనేది ప్రయాణికులు ఏ దారిన వచ్చారనే దానిపైన ఆధారపడుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1847–52 మధ్య కట్టిన తరువాత డెల్టా కాలువలు నీటిపారుదలకే కాక ప్రయాణానికి కూడా దారులయ్యాయి. పడవలు లాకుల దగ్గర ఆగక తప్పేది కాదు కనుక అక్కడ తిండికి, బసకు గిరాకీ ఉండేది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద మొదటి రైలు వంతెన 1900లో వచ్చింది. రోడ్డు బండ్లు కూడా దాటగలిగిన రైలు–రోడ్డు వంతెన మాత్రం 1974 వరకు లేదు కనుక, అంతవరకు కొవ్వూరు, రాజమండ్రి రేవులలో లాంచీ కోసం ఎదురుచూసే జనమే ఆ పరిసరాల హోటళ్లకు ఆధారం. కాకినాడ–కోటిపల్లి రైలుమార్గం కథ మరీ విచిత్రమైనది: 1928లో వచ్చింది, రెండో ప్రపంచ యుద్ధకాలంలో 1940లో పట్టాలు పీకేశారు, మళ్లీ 2004లో గాని రైలు నడవలేదు. ఆ దారిలో ఉన్న ద్రాక్షారామం, రామచంద్రపురం వంటి చోట్ల స్టేషనుకు ఎదురుగా ఒక పాత బస ఉందంటే అది ఆ పన్నెండేళ్ల మధ్య పుట్టిందేమోనని అనుమానించడం సమంజసమే.

ఈ దృష్టితో భవనం చుట్టూ ఒకసారి తిరిగి, దాని అసలు ముఖం ఎటు ఉందో గమనించాలి. సున్నపు పూలపని, పెద్ద గుమ్మం, అరుగులు కాలువ వైపు ఉండి, ఇప్పటి గల్లా పెట్టె మాత్రం వెనుక రోడ్డు వైపు ఉంటే, ఆ కట్టడం రోడ్డు కంటే ముందటి కాలానికి చెందినదని తొలి ఊహ చేయవచ్చు.

రిజిస్ట్రారు ఆఫీసులో ఏమి అడగాలి

కాగితాల విషయానికి వస్తే, చాలామంది మొదట ఇ.సి. (ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీయించి, అందులో ఏమీ లేదని నిరుత్సాహపడతారు. ఆన్‌లైనులో దొరికే ఇ.సి. 1983 నుంచి జరిగిన లావాదేవీలనే చూపుతుంది. అంతకుముందు వాటి కోసం సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో పాత ఇండెక్సులు వెతికించుకోవాలి. స్థిరాస్తి దస్తావేజులు నకలు చేసిన ఒకటో పుస్తకాన్ని, దాని ఇండెక్సులను, రుసుము చెల్లించిన ఎవరైనా చూడవచ్చనీ, నకలు కూడా పొందవచ్చనీ 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 57వ సెక్షను చెబుతోంది. కౌంటరు దగ్గర మీకేమిటి సంబంధం అని అడిగితే ఈ సెక్షనును మర్యాదగా గుర్తుచేస్తే సరిపోతుంది. వీలునామాల పుస్తకానికి మాత్రం ఈ సౌకర్యం లేదు. మీ ఊరి సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎప్పుడు ఏర్పడిందో కూడా కనుక్కోండి. అది పుట్టకముందు దస్తావేజులు వేరే ఊళ్లో రిజిస్టరై ఉంటాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. హోటళ్లలో ఎక్కువ భాగం అద్దె భవనాలలో నడిచాయి. ఏడాదికి లోపు గడువున్న అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయవలసిన నిర్బంధం ఆ రోజుల్లో ఉండేది కాదు. కాబట్టి ఆ భవనం సొంత దస్తావేజులలో హోటలు అనే మాటే కనిపించకపోవచ్చు. దానికి నా దృష్టిలో ఉన్న మంచి ఉపాయం, ఇరుగుపొరుగు దస్తావేజులు చూడడం. మన దస్తావేజు షెడ్యూలులో నాలుగు వైపులా హద్దులు రాయడం ఆనవాయితీ కదా. పక్కింటివారు ఇల్లు అమ్ముకున్నప్పుడో, అన్నదమ్ములు భాగాలు పంచుకున్నప్పుడో, తనఖా పెట్టినప్పుడో రాయించిన కాగితంలో ‘ఉత్తరం: ఫలానావారి డాబా యిల్లు’ అని ఒక ఏడు, ‘ఉత్తరం: ఫలానావారి కాఫీ హోటలు గల మేడ’ అని మరొక ఏడు ఉంటే, ఆ రెండు తేదీల మధ్యలో హోటలు మొదలైందని తేలుతుంది. రాయించినవారికి హోటలు చరిత్రతో పని లేదు. దాని వయసు పెంచి చెప్పుకోవలసిన అవసరం అంతకంటే లేదు. అందుకే అటువంటి సాక్ష్యం యజమాని చెప్పే మాట కంటే గట్టిది. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు: దస్తావేజు లేఖరులు పాత కాగితంలోని హద్దులనే కొత్త కాగితంలోకి ఎత్తిరాసే అలవాటు ఉంది గనుక, హోటలు మూతపడిన ఎన్నో ఏళ్ల తరువాత కూడా హద్దులలో హోటలు బతికే ఉండవచ్చు. అందువల్ల ఆ మాట మొదటిసారి కనిపించిన తేదీకి విలువ ఎక్కువ, చివరిసారి కనిపించిన తేదీకి తక్కువ.

రెవెన్యూ రికార్డుల మీద ఎక్కువ ఆశ పెట్టుకోనక్కరలేదు. పాత ఊరి నడిబొడ్డు గ్రామకంఠంగా, అంటే ఊరి ఇళ్ల స్థలంగా, ఒకే నంబరు కింద నమోదై ఉండడం వల్ల అడంగళ్లలో (గ్రామ భూముల లెక్కల పుస్తకాలలో) మీ భవనం విడిగా కనిపించదు. టౌను సర్వే జరిగిన పట్టణమైతే ఆ రిజిస్టరు, పురపాలక సంఘంలోనో పంచాయతీలోనో ఇంటిపన్ను అసెస్‌మెంటు రిజిస్టర్లు ఇంతకంటే ఉపయోగపడతాయి; ఒక ఏడు పన్ను హఠాత్తుగా పెరిగి ఉంటే పై అంతస్తు వేశారనో, నివాసం వ్యాపారమైందనో అనుమానించవచ్చు. అయితే భవనం సత్రంగా పుట్టిందన్న సూచన ఉంటే మాత్రం ఇనాం ఫెయిర్ రిజిస్టరును తప్పక చూడాలి. మద్రాసు ప్రభుత్వం 1858లో వేసిన ఇనాం కమిషను మాన్యాలన్నిటినీ, అంటే దానంగా ఇచ్చిన భూములన్నిటినీ, విచారించి తయారు చేయించిన ఆ రిజిస్టరులో, మాన్యం ఎవరు ఇచ్చారు, దేని నిమిత్తం ఇచ్చారు, అప్పటికి ఎవరి అనుభవంలో ఉంది అనే వివరాలు ఉంటాయి. దేవాదాయ శాఖ వారు ఇప్పటికీ వ్యాజ్యాలలో దానినే చూపిస్తారు. ప్రభుత్వ కార్యాలయాలలో నోటిమాటగా అడిగితే తేలని చోట సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే ముప్పై రోజులలో సమాధానం రావాలి.

రెవెన్యూ కాగితాలలోని సంవత్సరం ఫసలీలో, అంటే రెవెన్యూ శాఖ వాడే సంవత్సరాల లెక్కలో, ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. ఫసలీ సంవత్సరం జూలై ఒకటిన మొదలవుతుంది కనుక ఫసలీ 1330 అంటే 1920 జూలై నుంచి 1921 జూన్ వరకు.

జిల్లా పేరు పెట్టే తికమక

పాలకొల్లులోనో భీమవరంలోనో 1915 నాటి కాగితం దొరికి, దాని మీద కృష్ణా జిల్లా అని ఉంటే అది వేరే ఊరి కాగితమని పక్కన పెట్టేయకండి. 1859లో ఏర్పడిన గోదావరి జిల్లా నుంచి ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం తదితర తాలూకాలను 1904లో కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో అవి పశ్చిమ గోదావరి జిల్లాగా వేరయ్యాయి, మిగిలినది తూర్పు గోదావరి అయింది. 2022లో మళ్లీ విభజించినప్పుడు కోనసీమ, కాకినాడ, ఏలూరు జిల్లాలు వచ్చాయి. దీనివల్ల ఇంకొక చిక్కు కూడా ఉంది. ఎఫ్.ఆర్. హెమింగ్వే 1907లో తయారు చేసిన గోదావరి గెజెటీరులో (జిల్లా వివరాల గ్రంథంలో) తాలూకాల వారీగా ఊళ్ల వర్ణన ఉన్నా, నరసాపురం, భీమవరం వైపు ఊళ్లు అందులో దొరకవు; వాటి కోసం మోరిస్ 1878లో ప్రచురించిన గోదావరి జిల్లా వర్ణన చూడాలి. ఇంగ్లీషు కాగితాలలో కాకినాడను Cocanada అనీ, ఏలూరును Ellore అనీ రాసేవారు కనుక ఆ వర్ణక్రమంతో కూడా వెతకాలి. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు మనది మద్రాసు ప్రభుత్వమే కాబట్టి పైస్థాయి ఫైళ్లు చెన్నై ఎగ్మూరులోని రికార్డు ఆఫీసులో ఉంటాయి. యానాం భవనమైతే 1954 వరకు అక్కడ ఫ్రెంచివారి పాలన ఉండేదన్న సంగతి మరిచిపోకూడదు.

కాగితం మీద తేదీ లేనప్పుడు

పాత బిల్లు, లెటరుహెడ్డు, ధరల పట్టిక, గోడ మీద వెలిసిన రాత ఇటువంటివి దొరికినప్పుడు వాటిలోని చిన్న మాటలే కాలం చెబుతాయి. ధరలు అణాలలో ఉంటే దశాంశ నాణేలు వచ్చిన 1957 ఏప్రిల్‌కు ముందువని స్థూలంగా అనుకోవచ్చు, అయితే ఆ తరువాత కూడా కొన్నాళ్లు జనం అణాలలోనే లెక్క చెప్పుకున్నారు. నయాపైసలని ఉంటే 1957–64 మధ్యకాలం. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తరువాతిది. స్టాంపు కాగితం మీద ఏ చక్రవర్తి బొమ్మ ఉందో చూసినా పదీ ఇరవై ఏళ్ల తేడాలో కాలం తెలుస్తుంది: ఏడవ ఎడ్వర్డు అయితే 1901–10, ఐదవ జార్జి అయితే 1910–36.

పిట్టగోడ మధ్యన సున్నంతో పోసిన అక్షరాలు ఉంటే వాటిని చదవడానికి ఓపిక కావాలి. ఏటేటా వేసిన వెల్ల పొరల కింద అక్షరాల అంచులు పూడిపోయి, ‘క్రో’ అన్నది ‘శ్రీ’ లాగా కనిపిస్తుంది. గీకవద్దు, గానుగ సున్నం పెచ్చులూడితే అక్షరమే పోతుంది. చీకటి పడ్డాక టార్చిలైటును గోడకు దాదాపు ఆనించి పక్కనుంచి పట్టి, ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, పైనుంచి ఒకటి ఫోటోలు తీసుకుంటే, ఉబ్బెత్తుగా ఉన్న గీతలు నీడలతో తేలివస్తాయి. అక్కడ క్రీస్తుశకం బదులు తెలుగు సంవత్సరం పేరు ఉంటే అరవై ఏళ్ల చక్రం గుర్తుంచుకోవాలి. క్రోధి నామ సంవత్సరం 1904–05లో ఒకసారి, 1964–65లో ఒకసారి, 2024–25లో ఒకసారి వచ్చింది. పక్కన శాలివాహన శకం 1826 అని కూడా ఉంటే 78 కలుపుకుని 1904 అని తేల్చవచ్చు. మాసాన్ని కూడా వదిలిపెట్టకూడదు: క్రోధి మాఘ శుద్ధ దశమి అంటే అది 1904 కాదు, 1905 ఫిబ్రవరి.

కట్టడంలో వాడిన వస్తువులు కూడా కాలం చెబుతాయి గాని, వాటిని ఒంటరిగా నమ్మకూడదు. మంగళూరులో బాసెల్ మిషన్ పెంకుల కర్మాగారం 1865లో మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఆ కర్మాగారాలు కామన్‌వెల్త్ ట్రస్టు చేతికి వెళ్లాయి. పెంకును వెనక్కు తిప్పితే అచ్చు వేసిన తయారీదారు పేరు కనిపిస్తుంది. ఇనుప దూలం మీద టాటా పేరు ఉంటే జంషెడ్‌పూరులో ఉక్కు తయారవడం మొదలైన 1912 తరువాతి పని. అయితే పెంకులు, దూలాలు, టేకు గుమ్మాలు ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి మారడం డెల్టాలో మామూలే. 1996 నవంబరు తుపానుకు కోనసీమలో ఎన్ని కప్పులు ఎగిరిపోయాయో, తరువాత ఎవరికి ఏ పెంకు దొరికితే అది ఎలా నేయించుకున్నారో అక్కడివారికి తెలుసు. కాబట్టి పెంకు మీది పేరు కప్పు వయసే చెబుతుంది. గోడ వయసు దానితో తేలదు.

ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

యజమానుల కుటుంబాన్ని అడగడం సరే. వారికంటే వంట మాస్టర్లు, సప్లయర్లు, పాలు పోసినవారు, లంకల నుంచి అరిటాకు కట్టలు తెచ్చినవారు, మిల్లు నుంచి ఊక తోలినవారు చెప్పేది తరచుగా ఎక్కువ ఉపయోగపడుతుంది. ఊక పొయ్యి ఎక్కడ ఉండేది, పొగగొట్టం ఎటు పోయేది, ఎప్పుడు తీసేసి గ్యాసు పెట్టారు అని అడిగితే వంటిల్లు ఎన్నిసార్లు చోటు మారిందో బయటపడుతుంది. సంవత్సరం అడిగితే ఎవరూ సరిగా చెప్పలేరు, సంఘటన అడగాలి. ‘మామ్మగారూ, మీరు కాపురానికి వచ్చేటప్పటికి ఈ హోటలు ఉందాండీ?’ అంటే, ‘ఆయ్, అప్పటికే ఉందండి, మా పెళ్లికి కాఫీ ఇక్కడినుంచే తెచ్చారండి’ అని ఠక్కున వస్తుంది. ఆ పెళ్లి ఏ సంవత్సరమో శుభలేఖ చెబుతుంది. 1953 వరద, 1986 వరద, 1996 తుపాను, కాకినాడ మీద జపానువారి బాంబులు పడిన 1942 ఏప్రిల్ ఇటువంటివి డెల్టాలో అందరికీ గుర్తుండే గుర్తులు.

ఒక విషయం అడగడానికి మొహమాటపడేవారిని చూశాను. పాత హోటళ్లలో బ్రాహ్మణులకు వేరుగా గది ఉండేది. కొన్ని కులాల వారిని లోపలికే రానిచ్చేవారు కాదు. హోటళ్లలోకి ప్రవేశానికి కులం అడ్డు రాకూడదని 1950లో రాజ్యాంగం 15వ అధికరణంలో పేరుపెట్టి రాయవలసి వచ్చిందంటేనే పరిస్థితి అర్థమవుతుంది. భవనంలో అనవసరమనిపించే రెండో గుమ్మం, హాలు మధ్యలో తరువాత పడగొట్టిన గోడ ఆనవాలు, పెరటి వైపు ప్రత్యేకంగా ఉన్న కిటికీ కనిపిస్తే వాటిని కొలిచి, బొమ్మ గీసుకుని, అప్పట్లో బయట నిలబడవలసి వచ్చిన కుటుంబాల పేటకు వెళ్లి వారి పెద్దలను కూడా అడగాలి. ఈ భాగం లేని హోటలు చరిత్ర సగం చరిత్రే.

ప్రముఖుల బస గురించిన కథలను మాత్రం గట్టిగా తట్టి చూడాలి. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు మహాసభలకు వచ్చినప్పుడు గాంధీగారు ఇక్కడే దిగారని ఎవరైనా చెబితే ఆ కథను అక్కడే ఆపవచ్చు. ఆ సభలకు మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షత వహించారు, గాంధీ అప్పటికి ఎరవాడ జైలులో ఉన్నారు, విడుదలైంది 1924 ఫిబ్రవరిలో. ఆయన 1921, 1929, 1933 సంవత్సరాలలో మన వైపు పర్యటించారు కనుక కథలో సంవత్సరం మాత్రమే తప్పి ఉండవచ్చు. ఆ తేదీల పత్రికలు తిరగేస్తే బస ఎక్కడో దొరుకుతుంది. అలాగే ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర బస చేసిన మేడ అన్నప్పుడు, ఆ మేడ 1852 నాటికి ఉందా అన్నదే మొదటి ప్రశ్న. ఇటువంటి కథలను పూర్తిగా తీసేయనక్కరలేదు. ఊళ్లో ఇలా చెప్పుకుంటారు అని రాసి, ఆధారం ఏమి చెబుతుందో పక్కనే పెడితే చాలు.

పత్రికల విషయంలో ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక పాత సంచికలను ప్రెస్ అకాడమీ వారు డిజిటలు రూపంలో పెట్టారు. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలోనూ, వేటపాలెం సారస్వత నికేతనంలోనూ పాత పత్రికల కట్టలు ఉన్నాయి. వార్తల కంటే ప్రకటనల పేజీలు నిదానంగా చూడండి. హోటలు ప్రారంభోత్సవం, యాజమాన్యం మారిందన్న ప్రకటన, నాటక సమాజం కరపత్రంలో టిక్కెట్లు దొరికే చోటుగా హోటలు పేరు ఇటువంటి చోట్లే తారసపడతాయి.

రాసేటప్పుడు ప్రతి సంవత్సరం పక్కన అది దస్తావేజు నుంచి వచ్చిందా, గోడ మీది నుంచి వచ్చిందా, ఎవరైనా చెప్పగా విన్నదా అని కుండలీకరణాలలో పెట్టండి. అన్నదమ్ముల వ్యాజ్యాలు, అప్పుల తీర్పులు దొరికినప్పుడు వాటిలో భవనానికి సంబంధించిన భాగం వాడుకుని, బతికున్నవారి కుటుంబ గొడవలను వదిలేయాలి. ప్రచురించేముందు యజమానులకూ, మీకు చెప్పినవారికీ ఆ ప్రతిని చదివి వినిపించాలి. వారు కాదన్న చోట మీ దగ్గర కాగితం ఉంటే కాగితం మాటా, వారి మాటా రెండూ రాయండి. ఫోటోలకు తేదీ, దిక్కు, గది పేరుతో శీర్షికలు పెట్టి, వ్యాసం అచ్చు ప్రతితో పాటు ఒక కట్టగా మీ ఊరి శాఖా గ్రంథాలయానికి ఇచ్చి, అప్పగించినట్టు రసీదు తీసుకోండి.